జరిగింది తెలుగులోనే చెప్పండి: బెంగళూరులో ట్రామా చికిత్స మొదలుపెట్టేవాళ్ళకి

ప్రమాదం, దాడి, లైంగిక హింస, ఇంట్లో ఏళ్ళ తరబడి తిన్న దెబ్బలు, కళ్ళముందే పోయిన మనిషి. వీటిలో ఏదో ఒకటి దాటి వచ్చి, నెల గడిచినా రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాం. వాళ్ళతో ఒకే ఇంట్లో ఉంటూ ఏం చేయాలో పాలుపోని భర్త, భార్య, అన్న, రూమ్మేట్ కూడా చదవొచ్చు. బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళని దృష్టిలో పెట్టుకున్నాం కాబట్టి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్న దానికంటే ఏ భాషలో చెప్పుకోవాలన్న దానికే ఎక్కువ చోటు ఇచ్చాం. పైకి చిన్న సంగతే అనిపిస్తుంది గానీ చాలామంది చికిత్స అక్కడే ఆగిపోతుంది.

మొదటి నెల

ఇలాంటి గట్టి దెబ్బ (ట్రామా) తిన్న మనసు కొన్ని వారాలు అల్లకల్లోలంగానే ఉంటుంది. నిద్ర పట్టదు, అదే దృశ్యం తిరిగి తిరిగి కళ్ళముందుకొస్తుంది, చిన్న చప్పుడుకే గుండె గుభేలుమంటుంది. చాలామందికి ఇవి వాటంతటవే తగ్గుతాయి. అందుకే పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే ఈ లక్షణాలు తగ్గకుండా ఉండిపోయే జబ్బు) అన్న పేరు నెల దాటాకే పెడతారు. మూడు రోజుల నుంచి నెల లోపు మరీ తీవ్రంగా ఉంటే దాన్ని అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు.

ఈ నెలలో చేయాల్సింది తక్కువే. వేళకి తినండి, వీలైనంత వేళకి పడుకోండి, ఆఫీసుకి పూర్తిగా మానేయకుండా సగం రోజైనా వెళ్ళండి. నమ్మకమున్న మనిషి ఒకరు పక్కన ఉండేలా చూసుకోండి. చెప్పాలనిపించినప్పుడు చెప్పండి. చెప్పమని మాత్రం ఎవరూ బలవంతం చేయకూడదు. ఒకప్పుడు ఘోరం జరిగిన రెండు మూడు రోజుల్లోనే అందర్నీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించేవాళ్ళు. దాన్ని డీబ్రీఫింగ్ అనేవాళ్ళు. తర్వాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే దానివల్ల పీటీఎస్‌డీ తగ్గిందన్న ఆధారం దొరకలేదు, కొందరి పరిస్థితి ఇంకా పాడైంది కూడా. మీ ఆఫీసు హెచ్ఆర్‌వాళ్ళు మంచి ఉద్దేశంతోనే అలాంటిది పెడితే, వెళ్ళకపోయినా ఫర్వాలేదు.

నిద్రమాత్రల సంగతి. మొదటి నెలలో ట్రామా లక్షణాల కోసం బెంజోడయాజెపైన్లు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. ఆల్ప్రజోలం, క్లోనజెపాం, లోరజెపాం, డయాజెపాం ఈ కోవలోవే. ‘మా బావకి ఇచ్చారు, హాయిగా నిద్రపోయాడు’ అని ఎవరైనా స్ట్రిప్పు చేతిలో పెడితే తీసుకోకండి.

ఒక్క విషయంలో మాత్రం నెల కాదు, గంట కూడా ఆగొద్దు. చచ్చిపోవాలనిపిస్తుంటే, ఎలా చావాలో మనసులో లెక్కలు నడుస్తుంటే 14416కి ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ. ఇరవైనాలుగు గంటలూ ఉచితం, భాషల్లో తెలుగూ ఉంది. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితైతే 112. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ (మానసిక, నరాల జబ్బుల ప్రభుత్వ ఆసుపత్రి)లో ఎమర్జెన్సీ విభాగం రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

ముందు కొలుచుకోండి

నెల దాటింది, ఇంకా తగ్గలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఇంట్లోనే ఒక కొలత తీసుకోండి. పీసీఎల్-5 అనే ప్రశ్నావళి ఉంది. అమెరికా వెటరన్స్ (మాజీ సైనికుల) విభాగంలోని పీటీఎస్‌డీ జాతీయ కేంద్రంవాళ్ళు తయారుచేసి ఉచితంగా పెట్టారు. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు, మొత్తం 80. 31 నుంచి 33, ఆ పైన వస్తే పీటీఎస్‌డీ ఉండే అవకాశం గట్టిగా ఉందని, నిపుణుడు చూడాలని అర్థం. ఈ కాగితం జబ్బుని తేల్చదు. జబ్బుని తేల్చేది మీతో కూర్చుని మాట్లాడిన మనిషి.

ప్రశ్నలు నాలుగు గుంపులు. మొదటిది చొరబడే జ్ఞాపకాలు, పీడకలలు. రెండోది తప్పించుకోవడం: ఆ దారిన వెళ్ళకపోవడం, ఆ మాట వస్తే లేచి వెళ్ళిపోవడం. మూడోది ఆలోచనల్లో, మనసులో వచ్చిన మార్పు: అంతా నా తప్పే అనిపించడం, ఎవర్నీ నమ్మలేకపోవడం, పిల్లల్ని దగ్గరికి తీసుకున్నా ఏమీ అనిపించకపోవడం. నాలుగోది ఒళ్ళంతా కాపలా కాస్తున్నట్టుండటం: చిరాకు, ఉలికిపాటు, నిద్రలేమి. ఇంట్లోవాళ్ళ కంట పడేది ఎక్కువగా నాలుగోదే. జబ్బుని ఏళ్ళ తరబడి నిలబెట్టేది మాత్రం రెండోది. తప్పించుకున్న ప్రతిసారీ మనసుకి ఒక్క క్షణం హాయి. ‘చూశావా, వెళ్ళలేదు కాబట్టే బతికావు’ అన్న పాఠం కూడా దానితోపాటే అందుతుంది. చికిత్స అంతా ఈ పాఠాన్ని తిరగరాయడం కోసమే.

ఈ కాగితం నింపేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. జీవితంలో జరిగిన నాలుగు ఘోరాల్నీ కలిపి నింపడం మొదటిది. అన్నిటికంటే ఎక్కువ వేధిస్తున్న ఒక్కదాన్ని ఎంచుకుని దాని గురించే నింపండి. ఇంట్లో గొడవ జరిగిన రాత్రి నింపడం రెండోది. ‘గత వారం’ అని అడిగే రూపం ఒకటి ఉంది, దాన్ని ప్రతి ఆదివారం ఒకే వేళకి నింపి తేదీతో ఒక నోట్‌బుక్కులో మొత్తం అంకె, ఒక్కో గుంపు అంకె రాసుకోండి. చికిత్స మొదలయ్యాక 10 మార్కులు, ఆ పైన తగ్గితే అది నిజమైన మార్పు. రెండు మూడు మార్కులు అటూ ఇటూ ఊగితే లెక్కలోకి తీసుకోవద్దు.

ఎవరి దగ్గరికి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, డీఎన్‌బీ, డీపీఎం లాంటిది చేసిన డాక్టరు. మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. ట్రామాకి ముఖ్యమైన మాటల చికిత్స ఎక్కువగా వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడిగితే తప్పుపట్టేవాళ్ళెవరూ ఉండరు, పడితే ఆ తలుపు దగ్గరే వెనక్కి తిరగండి. కౌన్సెలర్ అన్న బోర్డు మన దేశంలో ఎవరైనా పెట్టుకోవచ్చు. మంచివాళ్ళూ ఉన్నారు, వారాంతపు కోర్సు చేసి కూర్చున్నవాళ్ళూ ఉన్నారు.

నిమ్హాన్స్‌కి కొత్తగా వెళ్తుంటే పొద్దున్నే చేరుకోండి, ఆ రోజు సెలవు పెట్టుకునే వెళ్ళండి. గుర్తింపు కార్డు, పాత చీటీలు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, ఆ పీసీఎల్ నోట్‌బుక్కు పట్టుకెళ్ళండి. పెద్దాసుపత్రి ఆవరణలో అడుగుపెట్టడానికే బెరుకుగా ఉంటే బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్‌వాళ్ళదే సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. ఇళ్ళ మధ్య ఉంటుంది, లోపలికి వెళ్ళడం చూసినవాళ్ళకి కూడా అనుమానం రాదు. కోరమంగల సెయింట్ జాన్స్ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ప్రైవేటుగా వెళ్తే ఒక సెషన్ ఫీజు విని ఊరుకోకండి, పన్నెండుతో గుణించండి. ₹1,500 అయితే ₹18,000. అంత భరించగలరో లేదో ముందే చూసుకోండి. నాలుగో సెషన్‌కి డబ్బు చాలక ఆపేయడం, పుండు మీద కట్టు సగం విప్పి వదిలేసినట్టే.

అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఫోనులో ఇవి అడగండి: ట్రామాకి ఏ పద్ధతి వాడతారు, అందులో శిక్షణ ఎక్కడ పొందారు, సుమారు ఎన్ని సెషన్లు, వారానికి ఎన్ని, ఇంట్లో చేయాల్సిన పని ఇస్తారా, తెలుగు ఎంత అర్థమవుతుంది. ‘మీ అవసరాన్ని బట్టి అన్నీ కలిపి వాడతాం’ అని మాత్రమే జవాబొస్తే ఇంకోసారి అడగండి. పద్ధతి పేరు చెప్పలేనివాళ్ళు దాన్ని చేయలేరు.

ఏ భాషలో చెప్పాలి

బెంగళూరులో థెరపీ చాలావరకు ఇంగ్లీషులోనో కన్నడలోనో నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇంగ్లీషు ఇబ్బంది కాదు. ఇబ్బంది లేకపోవడమే అసలు చిక్కు. తర్వాత నేర్చుకున్న భాషలో మాటలకి మంట తక్కువని రెండు భాషలవాళ్ళ మీద చేసిన పరిశోధనలు చాలాసార్లు చూపించాయి. ‘ఐ వాజ్ అబ్యూజ్డ్’ అని మీటింగులో స్టేటస్ చెప్పినట్టు చెప్పేస్తారు. అదే మాట తెలుగులో అనబోతే గొంతు పూడుకుపోతుంది. ఆ పూడుకుపోయిన చోటే చికిత్స జరగాలి. ఇంగ్లీషులో చెప్పి గట్టెక్కడం చూడటానికి ధైర్యంలా ఉంటుంది గానీ అదీ ఒక రకం తప్పించుకోవడమే.

ఒంటి సంగతి ఇంకో రకం ఇబ్బంది. దడ, జలదరింపు, కాళ్ళు చల్లబడటం, కడుపులో దేవినట్టుండటం, నోరెండిపోవడం, ఒళ్ళు తూలడం, మనసు మొద్దుబారడం: ఇన్నీ కలిపి ఇంగ్లీషులో ‘యాంగ్జైటీ’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. దడకీ మొద్దుబారడానికీ చేసే పని వేరు. కాబట్టి మొదటి సెషన్‌కి ముందు ఒక కాగితం మీద మీ ఒంట్లో జరిగేవాటిని మీ ఇంట్లో వాడే మాటల్లోనే రాసుకోండి. కడప మాటైతే కడప మాటే, శ్రీకాకుళం మాటైతే అదే. పక్కన ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది రాయండి. థెరపిస్ట్‌కి తెలుగు రాకపోయినా ‘దడ అంటే ఇది’ అని ఒకసారి నేర్పితే చాలు, ఇక సెషన్లో ఆ మాటే నడుస్తుంది.

ఇప్పుడు అసలు కథనం. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ పద్ధతిలో జరిగినదాన్ని కళ్ళు మూసుకుని, ‘నేను’ అంటూ, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమంటారు. సుమారు 30 నుంచి 45 నిమిషాలు, అవసరమైనన్ని సార్లు మొదటి నుంచి. తెలుగులో చెప్పినప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. మన భాషలో కర్త లేకుండానే వాక్యం హాయిగా నడిచిపోతుంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద లారీ తగిలి, బండి నడుపుతున్న భర్తకి గట్టి దెబ్బలు తగలడం చూసిన ఒక ఇల్లాలిని ఊహించుకోండి. మొదటిసారి ఆమె ఇలా చెప్తుంది:

‘మారతహళ్ళి దగ్గర లారీ తగిలింది. పడ్డాం. ఆటోలో ఎక్కించారు. తర్వాత హాస్పిటల్లో ఉన్నాం.’

నాలుగు వాక్యాలు, పది సెకన్లు. ఆమె అందులో ఎక్కడా లేదు. తెలుగు తెలిసిన థెరపిస్ట్ ‘మీరు ఎక్కడ కూర్చున్నారమ్మా, చేతిలో ఏముంది, అప్పుడేం వినపడుతోంది’ అని మెల్లగా లోపలికి తీసుకెళ్తారు. నాలుగైదు సెషన్లకి అదే ఇలా మారుతుంది:

‘నేను బండి వెనక కూర్చున్నాను. ఎడమ చేతిలో కూరగాయల సంచి ఉంది. లారీ హారన్ నా కుడి చెవి పక్కనే మోగుతోంది. నేను ఆయన చొక్కా పట్టుకుంటున్నాను. చొక్కా చేతిలోంచి జారిపోతోంది. ఏమండీ అని అరుస్తున్నాను, నా గొంతు నాకే వినపడట్లేదు.’

చొక్కా జారిపోయిన ఆ క్షణమే ముడి. అన్నిటికంటే భారమైన అలాంటి చోట్లని హాట్‌స్పాట్లంటారు, తర్వాతి సెషన్లలో వాటి దగ్గరే మళ్ళీ మళ్ళీ నిలబెడతారు. ‘గట్టిగా పట్టుకోలేదు, నా వల్లే’ అని ఆమె ఇన్నాళ్ళూ మోస్తున్నది అక్కడే దాక్కుని ఉంటుంది. చెప్పింది ఫోనులో రికార్డు చేసుకుని ఇంట్లో రోజూ ఒకసారి వినడం ఈ పద్ధతిలో భాగం. ఇంటిపని చేస్తూ, రోడ్డు మీద నడుస్తూ వినకండి. ఒకచోట కూర్చుని, కళ్ళు మూసుకుని వినాలి.

థెరపిస్ట్‌కి తెలుగు రాకపోతే మూడు దారులున్నాయి. హైదరాబాదు, విజయవాడ, తిరుపతిలో ఉన్న తెలుగు క్లినికల్ సైకాలజిస్ట్‌తో వీడియోలో చేయడం ఒకటి. కథనం మాత్రం తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీషులోనో కన్నడలోనో దాని మీద మాట్లాడుకోవడం రెండోది. మాటలు సగమే తెలిసినా ముఖం, ఊపిరి, భయం ఎంతుందో మీరు చెప్పే అంకె థెరపిస్ట్‌కి తెలుస్తూనే ఉంటాయి. మూడోది శిక్షణ ఉన్న దుభాషి. మొగుణ్ణో, వదిననో దుభాషిగా కూర్చోబెట్టుకోవద్దు. వాళ్ళ ముందు చెప్పలేనిది వదిలేస్తారు, వదిలేసేది సరిగ్గా చెప్పాల్సిందే అయి ఉంటుంది.

వీడియో సెషన్‌కి చోటు దొరకడం పీజీలో ఉండేవాళ్ళకి పెద్ద తలనొప్పి. ప్లైవుడ్ గోడ అవతల ఇద్దరుంటారు. ఆగి ఉన్న కారు, స్నేహితుడి గది, ఆఫీసులో సాయంత్రం ఖాళీ అయిన మీటింగ్ రూమ్ పనికొస్తాయి. పార్కు బెంచీ వద్దు. ఏడవడానికి వీల్లేని చోట ఈ పని జరగదు. సెషన్ అయ్యాక అరగంట ఏ కాల్సూ పెట్టుకోకండి.

ఏ పద్ధతిలో ఏం చేస్తారు

ట్రామాకి బలమైన ఆధారాలున్న పద్ధతులు మూడు. పైన చెప్పిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ ఈడ్నా ఫోవా రూపొందించింది. 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి 90 నిమిషాలు. రెండోది కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, పెట్రీషియా రెసిక్‌ది, సాధారణంగా 12 సెషన్లు. దీంట్లో జరిగింది పూసగుచ్చినట్టు చెప్పనవసరం లేదు. ‘ఇది ఎందుకు జరిగిందనుకుంటున్నాను, దీనివల్ల నా మీద, మనుషుల మీద నా నమ్మకాలు ఎలా మారాయి’ అని సుమారు ఒక పేజీ రాయమంటారు. ఇదీ తెలుగులోనే రాయండి. ‘ఆ రోజు బయల్దేరకపోతే బాగుండేది’, ‘మగాళ్ళంతా ఇంతే’, ‘నా తలరాత’ లాంటి ఇరుక్కుపోయిన ఆలోచనలు అందులో బయటపడతాయి. తలరాత, కర్మ అన్న మాటలొస్తే కొందరు థెరపిస్టులు కంగారుపడి మూఢనమ్మకమని కొట్టేస్తారు, ఇంకొందరు మతమని ముట్టుకోరు. రెండూ సరికాదు. ఆ మాట మీకు ఓదార్పుగా ఉందా, ‘నాకిలా జరగాల్సిందే, నేను అంతటి పాపిని’ అని శిక్షలా ఉందా, అదొక్కటే తేల్చుకోవాలి. మొదటిదైతే వదిలేయండి. రెండోదైతే అది వర్క్‌షీట్ (ఆలోచనల్ని రాసి పరీక్షించుకునే కాగితం) మీదకి రావాల్సిన ఆలోచనే.

మూడోది ఈఎండీఆర్. ఫ్రాన్సిన్ షాపిరో 1980ల చివర్లో మొదలుపెట్టారు. జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని, థెరపిస్ట్ వేలు కదిలిన వైపు కళ్ళు కదుపుతారు. నోటితో చెప్పేది తక్కువ కాబట్టి భాష అడ్డం తక్కువ. థెరపిస్ట్‌కి తెలుగు అస్సలు రానప్పుడు ఇది మంచి దారే. మూడింటిలో ఏది గొప్పదన్న చర్చ నిపుణులకి వదిలేయండి. మీకు దగ్గర్లో శిక్షణ ఉన్న మనిషి దేనికి దొరికితే అది మొదలుపెట్టండి.

పిల్లలకైతే తల్లిదండ్రుల్ని కూడా కలుపుకుని చేసే ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆలోచనల్ని, ప్రవర్తనని మార్చే మాటల చికిత్స) ఉంది. ఒక్క సంగతి ముందే తెలుసుకోండి: పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం తప్పనిసరి. థెరపిస్ట్ మీకు మాటిచ్చి దాచిపెట్టలేరు.

దారి మెట్లు

ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో కథనం చెప్పడం ఒక సగం, తప్పించుకుంటున్న చోట్లకి మెల్లగా తిరిగి వెళ్ళడం రెండో సగం. భయానికి 0 నుంచి 100 దాకా అంకె వేయండి. 0 అంటే మన ఊళ్ళో పెరట్లో మంచం మీద పడుకున్నట్టు, 100 అంటే ఆ రోజు ఉన్నట్టు. పైన చెప్పిన ఇల్లాలికైతే మెట్లు సుమారు ఇలా ఉంటాయి:

పార్కింగ్‌లో ఆగి ఉన్న బండి మీద కూర్చోవడం, 30.
బండి వెనక కూర్చుని వీధి చివరి దాకా వెళ్ళి రావడం, 45.
ఆదివారం పొద్దున 7 గంటలకి మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఫుట్‌పాత్ మీద నిలబడటం, 50.
అదే చోట శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి, లారీ హారన్ల మధ్య, 65.
బీఎంటీసీ బస్సులో కిటికీ పక్క సీట్లో ఆ దారిన సిల్క్ బోర్డు దాకా, 70.
బండి వెనక కూర్చుని అదే బ్రిడ్జి దాటడం, 90.

40, 50 మధ్య ఉన్నదాంతో మొదలుపెట్టండి. అక్కడ 30 నుంచి 45 నిమిషాలు ఉండాలి, లేదా భయం అంకె సగానికి పడేదాకా ఉండాలి. రోజూ చేస్తే వారంలో ఒక మెట్టు ఎక్కేయొచ్చు. రెండు వారాలకొకసారి చేస్తే ప్రతిసారీ మొదటిసారే.

ఎక్కువగా ఎక్కడ చెడుతుందంటే, భయం పతాక స్థాయిలో ఉన్నప్పుడు ఆటో ఎక్కి వచ్చేస్తారు. మనసు పాత పాఠాన్నే మళ్ళీ చదువుకుంటుంది. అలా వచ్చేయాల్సి వస్తే కాసేపాగి ఆ రోజే తిరిగి వెళ్ళండి, లేదా ఒక మెట్టు కిందిది చేయండి. ఇంకో రకం తప్పించుకోవడం పైకి కనపడదు: చెవుల్లో పాటలు, ఫోనులో తల దూర్చడం, మనసులో గట్టిగా నామజపం, ఎప్పుడూ తమ్ముడు పక్కన ఉంటేనే వెళ్ళడం. కాళ్ళు అక్కడున్నా మనసు అక్కడ లేదు. ఇంటర్నెట్లో నేర్చుకున్న గ్రౌండింగ్, అంటే కనపడే ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోవడం లాంటిది, ఫ్లాష్‌బ్యాక్‌లో (అదంతా మళ్ళీ ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించడంలో) మునిగిపోయినప్పుడు బాగా పనికొస్తుంది. మెట్టు ఎక్కుతుండగా ప్రతి నిమిషం అదే చేస్తుంటే మాత్రం అదీ చేతికర్రే. ముందు పెట్టుకోండి, తర్వాత వదిలేయండి.

నిజంగా ప్రమాదమున్నది మెట్ల మీద పెట్టకూడదు. కొట్టిన మనిషి ఇల్లు, హెల్మెట్ లేని ప్రయాణం, రాత్రి రెండింటికి నిర్మానుష్యమైన సందు మీ జాబితాలో ఉండకూడదు.

ఇంట్లోవాళ్ళు

ట్రామా తర్వాత ఎవరు కోలుకుంటారు, ఎవరు కూరుకుపోతారన్న దాని మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు, గట్టిగా లెక్కకొచ్చేవాటిలో ఒకటి సంఘటన తర్వాత దొరికిన ఆదరణ. కాబట్టి ఇంట్లోవాళ్ళ పాత్ర తక్కువదేం కాదు. అయితే ప్రేమతో చేసే పనులే జబ్బుకి ఎరువు అవుతుంటాయి. ఆ ఇల్లాలు భయపడుతోందని కూరగాయలు భర్తే తేవడం, రింగ్ రోడ్డు మానేసి ఇంకో గంట చుట్టూ తిప్పడం, యాక్సిడెంట్ సీను రాగానే టీవీ మార్చడం. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి థెరపిస్ట్‌కి చూపించండి. ఒకేసారి మానేస్తే కోపంతో చేసినట్టుంటుంది. ఆమెతో మాట్లాడుకుని వారానికి ఒకటి చొప్పున తగ్గించండి.

నోటికొచ్చేసే మాటలు కొన్ని ఉంటాయి. ‘జరిగిందేదో జరిగింది, ఎందుకు అదే తలుచుకుంటావు?’ తలుచుకోవడం ఆమె చేతిలో లేదు, అదే జబ్బు. ‘బతికి బయటపడ్డావు, అది చాలదా?’ పక్కన పోయినవాళ్ళున్నప్పుడు ఈ మాట కత్తిలా దిగుతుంది. వీటి బదులు ‘ఇప్పుడు అంకె ఎంత?’ అని అడగండి. ‘డెబ్బై అండీ’ అంటే ‘సరే, నేనిక్కడే ఉన్నా, ఇంకో పది నిమిషాలు ఉందామా?’ అనండి. మాట్లాడటం అంతకంటే అక్కర్లేదు.

ఊరి నుంచి వచ్చే ఫోన్ల సంగతి. ‘వచ్చెయ్ నాన్నా, నాలుగు నెలలు ఇక్కడుందువు గాని’ అంటారు అమ్మావాళ్ళు. వారం పదిరోజులు వెళ్ళొస్తే మంచిదే. చికిత్స మధ్యలో నెలలకి నెలలు వెళ్ళడం ఇంకో తప్పించుకోవడం. దిష్టి తీయించినా, తాయెత్తు కట్టించినా చికిత్సకి అడ్డం లేదు, దానిబదులు అవి చేస్తేనే ఇబ్బంది. ‘పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయి’ అన్న సలహా మాత్రం వినకండి. లైంగిక హింస దాటి వచ్చిన అమ్మాయికి చికిత్స లేకుండా పెళ్ళి చేయడమంటే తెలియని గదిలోకి నెట్టి తలుపేయడమే.

దంపతులిద్దరూ కలిసి చేసే చికిత్స ఉంది. పీటీఎస్‌డీ కోసం కాండిస్ మాన్సన్, ఆమె సహచరులు తయారుచేసింది 15 సెషన్లు ఉంటుంది. కానీ దెబ్బ కొట్టేది ఆ భాగస్వామే అయితే, కొట్టడం ఇంకా నడుస్తుంటే జంట కౌన్సెలింగ్‌కి వెళ్ళొద్దు. గదిలో ఆమె నోరు విప్పినదానికి ఇంటికెళ్ళాక శిక్ష పడుతుంది. ముందు భద్రత: మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.

మాత్రలు

సెర్ట్రలిన్, పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ పీటీఎస్‌డీకి పనిచేస్తాయి. ఫలితం పూర్తిగా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, తలనొప్పి, కొంచెం ఎక్కువైన కంగారు రావడం మామూలే, చాలామంది అక్కడే మానేస్తారు. మానేయకుండా డాక్టరుకి ఫోన్ చేయండి, మోతాదు సర్దుతారు. బాగైందని ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు పాకినట్టుండటం వస్తాయి. ఆపేటప్పుడు మెల్లగా దించాలి. ఎక్స్‌పోజర్ రోజు, అంటే కథనం చెప్పే రోజో మెట్టు ఎక్కే రోజో, ఆల్ప్రజోలమో రెండు పెగ్గులో వేసుకుని వెళ్తే నేర్చుకోవాల్సింది నేర్చుకోరు. ఎన్నాళ్ళుగానో బెంజోడయాజెపైన్ వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

మధ్యలో

రెండు, మూడు సెషన్ల తర్వాత చాలామందికి పీడకలలు పెరుగుతాయి. మూసిపెట్టిన పెట్టె తెరిచారు మరి. ఆ వారంలోనే ‘ఆఫీసులో రిలీజ్ ఉంది, వచ్చే నెల వస్తా’ అని మెసేజ్ పెట్టాలనిపిస్తుంది. ఆ మెసేజ్ టైపు చేసే ముందు నోట్‌బుక్కులో రెండో గుంపు (తప్పించుకోవడం) అంకె చూడండి. వెళ్ళి, ‘మానేయాలనిపిస్తోంది’ అన్నమాటే సెషన్లో మొదటగా చెప్పండి.

ఆరు నుంచి ఎనిమిది సెషన్లయినా అంకె కదలకపోతే అడిగే హక్కు మీకుంది: పద్ధతి మార్చాలా, మందు కలపాలా, నేనేమైనా దాస్తున్నానా. ప్రతివారం వారం విశేషాలు చెప్పుకుని వచ్చేస్తుంటే, ఆ సంఘటన పేరు కూడా ఎత్తకపోతుంటే, థెరపిస్ట్ కూడా మీతోపాటు తప్పించుకుంటున్నట్టు. ‘క్షమించేయండి, మనసు తేలికవుతుంది’ అని తొందరపెట్టేవాళ్ళని, మిమ్మల్నే తప్పుపట్టేవాళ్ళని, ఒంటి మీద చేయి వేసేవాళ్ళని వెంటనే వదిలేయండి.

కాగితాలు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యం. ప్రాణాపాయం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఆఫీసుకి, అత్తగారికి చెప్పడానికి వీల్లేదు. 25వ సెక్షన్ ప్రకారం మీ రికార్డులు మీరు అడిగి తీసుకోవచ్చు. శారీరక జబ్బుకి బీమా ఇచ్చే పద్ధతిలోనే మానసిక జబ్బుకీ ఇవ్వాలని 21వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం చెప్తుంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. ఓపీ కవరేజ్ ఉందో లేదో మీ కంపెనీ పాలసీ కాగితంలో చూసుకుని, ఉంటే ప్రతి రసీదు మీదా థెరపిస్ట్ రిజిస్ట్రేషన్ నంబరు పడేలా అడగండి.

ఆఖరి సెషన్‌కి ముందు థెరపిస్ట్‌తో కూర్చుని ఒక పేజీ రాసుకోండి: ఏ మెట్లు ఎక్కారు, ఏ ఇరుక్కుపోయిన ఆలోచనలు ఎలా విప్పారు, మళ్ళీ మొదలైతే ముందుగా కనపడేది ఏది. సంఘటన జరిగిన తేదీ దగ్గరపడ్డప్పుడు రెండు వారాలు నిద్ర చెడొచ్చు, ఆ తేదీని క్యాలెండర్లో ముందే గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత మూడు నెలలు నెలకొకసారి పీసీఎల్-5 నింపండి. అంకె మళ్ళీ పది మార్కులు ఎక్కి రెండు వారాలు అక్కడే నిలిస్తే, ఒకటో రెండో సెషన్ల కోసం మీ థెరపిస్ట్‌కే ఫోన్ చేయండి.